ఒళ్ళో కూర్చునే చోటు

ప్రియమైన అక్కకి,

నిన్న మేం ఇంటికి చేరేసరికి పిచ్చుక నా భుజం మీదే నిద్రపోయింది. బస్సులో దారి పొడుగునా నోరు విప్పలేదు. గంటకి పది ప్రశ్నలు వేస్తుందనే కదా నువ్వు దానికా ముద్దుపేరు పెట్టావు. అలాంటిది ఉలుకూ పలుకూ లేకుండా కూర్చునేసరికి నాకు గాభరా పుట్టింది. ఈరోజు పొద్దున పాలగ్లాసు ముందు పెట్టి మెల్లిగా కదిపాను. అప్పుడు చెప్పింది.

"పిన్నీ, అక్కడ అమ్మ ముక్కలు ముక్కలుగా ఉంది. నేనింక రాను."

నీ దగ్గర దాచడమెందుకు? వచ్చే ఆదివారం అది రాదు. నేను బలవంతం చెయ్యను. తప్పు పిల్లది కాదు, ఆ ములాఖత్ గదిది. మీవైపు ఒక ఇనుప జాలీ, మావైపు ఒకటి, మధ్యలో వార్డర్ నడిచే సందు. మనిషి మాట మనిషికి వినపడక అందరూ గొంతు చించుకోవడమే. నేను "బాగున్నావా?" అని అరిస్తే నీ పక్కావిడ "ఆ, బాగున్నా!" అంది. పిల్లని ఎత్తుకుంటే తప్ప నువ్వు కనపడవు. ఎత్తుకుంటే రెండు జాలీల గళ్లు ఒకదాని మీదొకటి పడి నీ ముఖం తునకలైపోతుంది. ఐదేళ్ల పిల్ల చూసింది చూసినట్టే చెప్పింది.

అక్కా, పోయినేడు మేమొక బ్యాంకుకి ప్లాన్ గీశాం. టోకెన్ పట్టుకుని కూర్చునేవాళ్లకి నడుము నొప్పి పుట్టకూడదని కుర్చీల గురించి ఆఫీసంతా రోజుల తరబడి వాదులాడుకున్నాం. తల్లిని చూడ్డానికొచ్చే పిల్లల గురించి మాత్రం ఎవరికీ ఒక్క పూటైనా ఆలోచన రాలేదు. ఆర్కిటెక్టునై ఉండి నాకూ రాలేదు, నువ్వు లోపలికి వెళ్లేదాకా.

ఇప్పుడు అసలు విషయం. ఆ గది కప్పు కారుతోందని పడగొట్టి కొత్తగా కట్టడానికి జైళ్ల శాఖవాళ్లు ఒప్పుకున్నారట. ఆ పని మా ఆఫీసుకే వచ్చింది. "చిన్న పని, పేరు రాదు, పైగా జైలు" అని మా పెద్దాయన పక్కన పడేశారు. నాకివ్వండి అన్నాను. మా అక్క అక్కడే ఉందని ఆయనకీ, మీ సూపరింటెండెంట్ మేడమ్‌కీ ముందే చెప్పేశాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "సరే, పని పనిలా చెయ్యి" అన్నారు.

నువ్వు చెయ్యాల్సింది ఒకటుంది. అక్కడున్న ఆడవాళ్లని అడుగు. ఏం కావాలని అడగొద్దు, బయటికి పోవాలంటారు. మీవాళ్లు వచ్చినప్పుడు ఏం చెయ్యలేకపోతున్నారో అడుగు. అది తెలిస్తే నేను గీయగలను.

ఎప్పటిలాగే తొందర మనిషి,
నీ చెల్లి

*

ప్రియమైన కొలబద్దకి,

ముందుగా, నీకంటే ముందే ఈ ఉత్తరం చదివే వార్డర్ మేడమ్‌కి నమస్కారం. మేడమ్, చివరి బాత్రూంలో కుళాయి ఇంకా కారుతూనే ఉంది.

పిచ్చుక రానంటే మానెయ్యనీ. ఈ ఒక్క ముక్క రాయడానికి చాలాసేపు కూర్చున్నాను, కాబట్టి దీని గురించి మళ్లీ అడక్కు.

నిజం చెప్పాలంటే నీ ఉత్తరం చూసి మొదట ఒళ్లు మండింది. నా వ్యాన్ కింద పడి పోయినాయనకి కూడా పిల్లలున్నారు. ఏ గది కట్టినా వాళ్లకి వాళ్ల నాన్న కనపడడు. అలాంటి నాకోసం నువ్వొక గది కట్టడమేంటనిపించింది. కాగితం మడిచి దిండు కింద తోసేశాను.

నా పక్క మంచం టైలరమ్మ ఊరుకోదుగా. "ఏంటే, ముఖం అలా మాడ్చుకున్నావు?" అంది. చెప్పాను. అంతే, విరుచుకుపడింది. "నీకోసమని ఎవరన్నారు? నీ చెల్లెలు నీ ఒక్కదానికే కడుతోందా ఏంటి? నా కొడుకూ అక్కడికే వస్తాడు. నీ పొగరు పక్కన పెట్టి, ఆ పిల్ల అడగమన్నది అడుగు."

సరే, అడిగాను. ముందు టైలరమ్మే. వాడు పాలు తాగే వయసులో ఉండగా వచ్చింది ఈవిడ, ఇప్పుడు పరుగులు పెడుతున్నాడు. ఇన్నాళ్లలో ఒక్కసారి కూడా వాణ్ని ముట్టుకోలేదు. ఒళ్ళో కూర్చోపెట్టుకోవాలట. ఇంకేం వద్దట.

మాలో పెద్దావిడ ఒకామెకి చెవులు సరిగ్గా వినపడవు. ముసలాయన ఓపిక చేసుకుని వస్తాడు, అరిచి అరిచి ఆయాసపడి వెళ్లిపోతాడు. "ఆయన మాట విని ఏళ్లయింది, పెదాలు కదలడం చూసి తలాడిస్తాను" అంది. కాలేజీ పిల్ల ఒకతి ఉంది, అందరికంటే చిన్నది. మమ్మల్ని వరసలో నడిపించుకొస్తారు చూడు, ఆ నడక వాళ్ల నాన్న చూడకూడదట. "నేను ముందే కూర్చుని ఉండాలి. ఆయన లోపలికి రావాలి, మామూలుగా, ఇంటికొచ్చినట్టు." ఇంకొకామె తను ఏడిస్తే పక్కవాళ్లకి తెలియకూడదంది. ఎవరన్నదీ నీకు రాయను, నాకూ మర్యాద ఉంది.

నా సంగతంటావా, పిచ్చుక జుట్టు దువ్వాలని ఉంది. నువ్వు చిక్కు పడితే లాగేసే రకం, నాకు తెలుసు.

గియ్యి. బాగా గియ్యి.

కోపం తగ్గిన మీ అక్క

*

ప్రియమైన అక్కకి,

నీ ఉత్తరం బల్ల మీద పరుచుకుని గీశాను. ముందు ఆ గోలని పట్టుకున్నాను. కప్పు కింద పీచు పలకలు బిగిస్తే అరుపు గోడకి కొట్టుకుని తిరిగి రాదు. అవతలివాళ్ల గోల లేకపోతే ఎవరూ అరవరు, పెద్దావిడకి కూడా మాట అందుతుంది. మీరు రావడానికి పక్కనుంచి వేరే తలుపు పెట్టాను. మీరందరూ కూర్చున్నాకే మా తలుపు తెరుస్తారు. జాలీ తీసేశాను. చిన్న బల్లలు, ఎదురెదురుగా కుర్చీలు, బల్లకీ బల్లకీ మధ్య భుజమెత్తు గోడ. పెద్దవాళ్లు బల్లకి అవతలే ఉంటారు. పిల్లలు మాత్రం చుట్టూ తిరిగి తల్లి దగ్గరికి వెళ్లొచ్చు.

సూపరింటెండెంట్ మేడమ్ ఆ డ్రాయింగుని తిప్పి తిప్పి చూశారు.

"బాగుంది. కానీ ఒప్పుకోను" అన్నారు.

"ఎందుకండీ?"

"పోయినేడు ఆ సందులోంచే మత్తు మాత్రలు లోపలికొచ్చాయి. జాలీ ఉండగానే వచ్చాయి. నువ్వేమో జాలీ పీకేసి పిల్లల్ని ఒళ్ళో కూర్చోపెడతానంటున్నావు. రేపేదైనా జరిగితే ఎవరమ్మా జవాబు చెప్పేది? నా ఉద్యోగం తెచ్చి నీ బల్ల మీద పెట్టమంటావా?"

ఆవిడ అన్నదాంట్లో తప్పేముంది? ఒక కాంట్రాక్టరు అప్పటికే అద్దాల గదుల బొమ్మలు తెచ్చి చూపించాడట. మధ్యలో అద్దం, అటొక ఫోను, ఇటొక ఫోను. చూడ్డానికి కొత్తగా ఉంటుంది, పైవాళ్లకి నచ్చుతుంది. మా పెద్దాయన కూడా "వాళ్లడిగింది గీసిచ్చి బయటపడు" అన్నారు.

బయటపడను. మేడమ్ మాటలు నెమరేసుకుంటూ ఉంటే ఒకటి తట్టింది. మిమ్మల్ని అడిగాను, కాపలా కాసేవాళ్లని అడగలేదు. ఆదివారం పొద్దుటినుంచి సాయంత్రం దాకా మీ పొడుగాటి వార్డర్ మేడమ్ పక్కన ఆ సందులో నిలబడ్డాను. ఇద్దరికీ కూర్చునే చోటు లేదు, గాలి లేదు. "ఇంటికెళ్లాక కూడా చెవుల్లో ఈ గోల మోగుతూనే ఉంటుందమ్మా. మా పిల్లలు మాట్లాడినా విసుక్కుంటాను" అందావిడ. మరి ఏముంటే మీ పని తేలికవుతుందని అడిగాను. "చేతులు కనపడాలి. అందరి చేతులూ. అంతకంటే నాకేం అక్కర్లేదు" అంది.

మా ఆఫీసు కార్ల షెడ్డులో ఆ గదిని అసలు కొలతలతో నేల మీద సుద్దతో గీసేశాను. కార్లు వీధిలో పెట్టుకోమంటే అందరూ గొణుగుతున్నారు. గొణగనీ. చేతులు ఎక్కడినుంచి కనపడతాయో, ఎక్కడ దాగుతాయో చూస్తూ దాంట్లోనే తిరుగుతున్నాను.

సుద్దపొడి పూసుకున్న నీ చెల్లి

*

ప్రియమైన చెల్లికి,

నీ షెడ్డు సంగతి చదివాక మేం ఊరుకుంటామా? మధ్యాహ్నం ఖాళీ సమయంలో పెరట్లో బకెట్లు బోర్లించి, మీద చెక్క వేసి నీ గదిని కట్టేశాం. దుప్పట్లు గోడలయ్యాయి. పొడుగాటి వార్డర్ మేడమ్ వార్డర్ వేషమే వేసింది, అదొక్కటే ఆవిడకి వచ్చునట. కాలేజీ పిల్ల పసిపిల్ల వేషం వేసి టైలరమ్మ ఒళ్ళో కూలబడింది. టైలరమ్మ "నా నడుము, నా నడుము" అని కేకలు. ఇక్కడ అంతగా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు.

ఆట ఏంటంటే, వార్డర్ మేడమ్ కళ్లుగప్పి ఒక సబ్బు ముక్క ఇవతలికి దాటించాలి. చెక్క వెడల్పుగా ఉంటే దాని చాటున హాయిగా దాటిపోతోంది. సన్నటి చెక్క పెట్టాం, కింద బకెట్లు తగ్గించి ఒకే కాలు ఉన్నట్టు చేశాం, మేడమ్‌ని మూల ఒక ఎత్తు మీద కూర్చోపెట్టాం. ఆ దెబ్బతో ప్రతి ఒక్కరూ దొరికిపోయారు. ఇది నీకు పనికొస్తుంది, రాసుకో.

దొరకనిది ఒక్కతే, పసిపిల్ల వేషం వేసినమ్మాయి. ఒళ్ళో కూర్చుని టైలరమ్మ జాకెట్లోకి సబ్బు తోసేసింది. ఎన్నిసార్లు చేసినా పట్టుకోలేకపోయాం. నవ్వులు ఆగిపోయాయి. నీతో పెద్ద మేడమ్ అన్నది నిజమేనని అందరికీ అర్థమైంది. ఒక్కొక్కరే బకెట్లు తీసి సర్దడం మొదలుపెట్టారు.

టైలరమ్మ మాత్రం లేవలేదు. "అయితే నన్ను తనిఖీ చెయ్యండి" అంది. "వాడు వెళ్లిన ప్రతిసారీ చెయ్యండి. కట్టుకున్న బట్టలన్నీ అక్కడే విప్పి ఇస్తాను, వేరేవి కట్టుకుని లోపలికి పోతాను. ఒంటి మీద చెయ్యి వేస్తే నాకు ఎంత రోతో మీకందరికీ తెలుసు. అయినా సరే."

తనిఖీ అంటే ఏంటో నీకు తెలియదు, తెలియక్కర్లేదు. ఆవిడ ఆ మాట అన్నాక సర్దేవాళ్లు బకెట్లు కింద పెట్టేశారు. తర్వాత నేనూ సరేనన్నాను. ఇంకా చాలామంది అన్నారు. కాలేజీ పిల్ల మాత్రం తన వల్ల కాదంది, నాన్నని బల్ల అవతలినుంచే చూస్తానంది. ఎవరూ ఆ పిల్లని తప్పుపట్టలేదు. ఎవరి ఒళ్లు వాళ్లిష్టం. తనిఖీకి ఒప్పుకున్నవాళ్ల దగ్గరికే పిల్లలు రావాలని తీర్మానించుకున్నాం.

మర్నాడు పొద్దున లెక్కకి నిలబడ్డప్పుడు పెద్ద మేడమ్‌తో ఇదంతా చెప్పేశాం. చెప్పింది టైలరమ్మ, తడబడితే అందించింది నేను. ఆవిడ అంతా విని వెళ్లిపోయారు. మంచికో చెడుకో తెలియదు.

ఎదురుచూస్తూ,
అక్క

*

ప్రియమైన అక్కకి,

మంచికే! మేడమ్ నేరుగా మా షెడ్డుకి వచ్చారు. సుద్దగీతల మధ్య నడిచి, మీరు కూర్చునే కుర్చీలో కూర్చున్నారు. చాలాసేపు కూర్చున్నారు. నేనేదో వివరించబోతే చెయ్యెత్తి ఆపేశారు. తర్వాత లేచి వార్డర్ మూలకి వెళ్లి చూశారు.

"ఇక్కడినుంచి ఆ చివరి బల్ల కనపడదు. నీ స్తంభం అడ్డం" అన్నారు.

నిజంగానే అడ్డం. అన్ని రోజులు తిరిగినా నా కంటికి ఆనలేదు. స్తంభాన్ని గోడలోకి జరిపాను. అప్పుడన్నారు, "కట్టు. పైవాళ్లతో నేను మాట్లాడతాను. లోపలివాళ్లు తమంతట తామే తనిఖీకి ఒప్పుకున్నారు చూడు, అది నేను ఆజ్ఞ వేసినా తెప్పించగలిగేది కాదు. కానీ ఒక్క మాత్ర దొరికిందంటే మాత్రం మర్నాడే అద్దాలు వస్తాయి."

ఈ ఉత్తరం ఇక్కడితో ఆపేస్తే ఎంత బాగుండేది!

నిన్న పై ఆఫీసునుంచి పిలుపొచ్చింది. ఎవరో ఫిర్యాదు పెట్టారు, ఖైదీగా ఉన్న అక్కకి సుఖాలు అమర్చడానికి చెల్లెలు ప్రభుత్వం పని చేతిలోకి తీసుకుందని. నేను మొదటే చెప్పిన మాటే కదా అంటే, "చెప్పావు, కాదనను. కానీ నియమం ఒకటుంది. జైల్లో రక్తసంబంధీకులు ఉండగా ఆ జైలు పని చెయ్యకూడదు" అన్నాడు ఆ అధికారి. మేడమ్ నా తరఫున గట్టిగానే వాదించారు, ఆయన వినలేదు. నేను తప్పుకోవాలి. నాతోపాటు ప్లానూ పోతుంది. అద్దాల కాంట్రాక్టరు ఆ వరండాలోనే కూర్చుని ఉన్నాడు, నన్ను చూసి లేచి నమస్కారం కూడా పెట్టాడు.

తప్పుకుంటున్నట్టు రాసివ్వడానికి నెల రోజులు గడువిచ్చారు. రాయడానికి చేతులు రావడం లేదక్కా. టైలరమ్మకి ఏమని చెప్తావు? నాకేం పాలుపోవడం లేదు.

నీ చెల్లి

*

ప్రియమైన చెల్లికి,

పైన అడ్రసు మారిందేంటని కంగారుపడకు. నేనే అడిగి ఈ జైలుకి బదిలీ చేయించుకున్నాను. నీ ఉత్తరం అందిన పూటే పెద్ద మేడమ్ దగ్గరికి వెళ్లాను. నేను అక్కడ లేకపోతే నియమం నీకు అడ్డురాదు కదా.

ఆవిడ నా చేత రెండుసార్లు చెప్పించుకున్నారు.

"ఆలోచించుకున్నావా? అక్కడికి రావాలంటే మీవాళ్లకి రోజంతా ప్రయాణం."

"తెలుసండీ."

"అక్కడ జాలీయే. మీ చెల్లి గది కట్టినా, అందులో నీ కూతురు నీ ఒళ్ళో కూర్చోదు."

"తెలుసండీ. అద్దాలు ఒకసారి పెట్టాక తియ్యరు కదండీ. నేనేమో రేపో మాపో బయటికి పోయేదాన్ని. ఆ గది నా తర్వాత కూడా ఉంటుంది."

ఆవిడ సంతకం పెట్టి, "వెళ్లిరా" అన్నారు. ఖైదీతో ఎవరూ అలా అనరు.

నీకు ముందే చెప్పలేదని తిడతావు. చెప్తే నువ్వు ఆపేదానివి. దీన్ని త్యాగమూ గీగమూ అని ఏడుస్తూ కూర్చోకు, నాకు చిరాకు. లోపలికి వచ్చినప్పటినుంచి ఎప్పుడు లేవాలో, ఎప్పుడు తినాలో, ఏ వరసలో నిలబడాలో అన్నీ ఇంకొకరే చెప్తున్నారు. ఇన్నాళ్లకి ఒక నిర్ణయం నేను తీసుకున్నాను. అది నాకు హాయిగానే ఉంది.

పిచ్చుకకి ఎలా చెప్పాలో నీకే తెలుసు. నువ్వు మాత్రం ఆ గడువులోగా రాసివ్వాల్సింది ఏమీ లేదని ఆ అధికారితో చెప్పు. వెళ్లి పని మొదలుపెట్టు.

మీ మొండి అక్క

*

మొండిదానా,

ప్రియమైన అని రాయడానికి మనసొప్పలేదు, కాబట్టి అది ఈసారికి లేదు. నిన్ను తిట్టిన తిట్లు అక్కడి వార్డర్లు చదవడం బాగుండదని వదిలేస్తున్నాను. కార్ల షెడ్డులో ఒక్కదాన్నే కూర్చుని ఏడ్చాను. తర్వాత లేచి ఆ అధికారి దగ్గరికి వెళ్లాను. ఆయన కాగితాలు చూసి చూసి, చివరికి "ఇప్పుడు అభ్యంతరం లేదు" అన్నాడు. నా ముఖంలోకి మాత్రం చూడలేదు.

పని అయిపోయింది అక్కా. నెలల తరబడి నీకు సరిగ్గా ఉత్తరం రాయకపోవడానికి కారణం అదే. పలకలు బిగించే రోజున మేస్త్రీతో గొడవ, తలుపు ఎత్తు దగ్గర గొడవ, కుర్చీలు ఇనుపవి తెస్తే వెనక్కి పంపి గొడవ. ఇప్పుడు నా పేరు వింటే అక్కడ అందరూ పారిపోతారు.

పిచ్చుకని ఒకరోజు పని జరిగే చోటికి తీసుకెళ్లాను. అన్ని కుర్చీలూ ఎక్కి దిగి, "అమ్మ ఎందులో కూర్చుంటుంది?" అంది. అబద్ధం చెప్పలేకపోయాను. అమ్మ ఇప్పుడు ఇంకో ఊళ్లో ఉంది, అక్కడ పాత గదిలాంటిదే ఉంది అన్నాను. తలొంచుకుని బల్ల అంచు గోకుతూ కూర్చుంది. ఏడుస్తుందేమో అనుకున్నాను. "అయితే ఇది ఎలా ఉందో అమ్మకి తెలియదుగా?" అంది. తెలియదన్నాను. "నేను వెళ్లి చెప్తా."

జాలీ ఉంటుందే అని గుర్తుచేశాను. ఉండనీ అంది.

ఆదివారం మొదటి ములాఖత్. పిచ్చుకనీ నన్నూ ఒక పక్కన నిలబడి చూడనిస్తామని మేడమ్ చెప్పారు. ఆ వారమే రైలెక్కి నీ దగ్గరికి వస్తాం. అక్కడ ఏం జరిగినా నీకు ముందుగా ఒక్క ముక్క కూడా రాయకూడదని నాకు పిచ్చుక గట్టి ఆజ్ఞ. పాటిస్తున్నాను.

నీ మీద కోపమూ గర్వమూ రెండూ తగ్గని
చెల్లి

*

ప్రియమైన చెల్లికి,

నిన్న నువ్వు జనం తోపులాటలో వెనక గోడ దగ్గరే ఉండిపోయావు. ఎవరో పెద్దాయన పిచ్చుకని ఎత్తి జాలీ దగ్గర నిలబెట్టాడు. అది ఏం చెప్పిందో నీకు వినపడి ఉండదు, అందుకే రాస్తున్నాను.

రెండు చేతులతో జాలీ పట్టుకుని, గొంతంతా పెట్టి మొదలుపెట్టింది. "అమ్మా, అక్కడ అరవక్కర్లేదు తెలుసా!" అని అరిచింది. నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. తర్వాత వరసగా చెప్పుకుపోయింది. పెద్దావిడకి ముసలాయన మాట వినపడిందట, ఏదో అంటే సిగ్గుపడి ఆయన చేతి మీద ఒక్కటిచ్చిందట. ఒక అక్క ముందే వచ్చి కూర్చుందట, వాళ్ల నాన్న లోపలికి రాగానే లేచి నిలబడి "కూర్చోండి నాన్నా" అందట.

తర్వాత టైలరమ్మ కొడుకు. వాడు మొదట దగ్గరికి రాలేదట. బల్ల ఇవతలే నిలబడి వేలు చీకాడట. ఆవిడ పిలవలేదట, చేతులు ఒళ్ళో పెట్టుకుని ఊరికే కూర్చుందట. కాసేపటికి వాడే తిరిగొచ్చి ఒళ్ళోకి ఎక్కాడట. ఎక్కి ఏం చేశాడో తెలుసా అమ్మా, నిద్రపోయాడు అంది. ములాఖత్ అయిపోయేదాకా నిద్రే. ఆవిడ ఒక్క మాట కూడా మాట్లాడలేదట, కదల్లేదట. టైము అయిపోయాక వార్డర్ అత్త వచ్చి, లేపకుండా ఇంకాసేపు పక్కనే నిలబడిందట.

అది చెప్తూ ఉండగా నా పక్కనున్నవాళ్లు మాట్లాడటం మానేశారు. తర్వాత వాళ్ల పక్కవాళ్లు. అవతలివైపు కూడా. చివరికి ఆ గది మొత్తానికి మన పిచ్చుక గొంతు ఒక్కటే. అది గమనించనే లేదు, అరుస్తూనే ఉంది.

మీరు వెళ్లాక లోపల ఆడవాళ్లందరూ నన్ను చుట్టుముట్టారు. నిజమేనా అని ఒకరు, మీ చెల్లెలేనా కట్టింది అని ఒకరు. నాకు కాలరెగరేసినట్టే ఉంది, దాచను. ఈరోజు పొద్దున అందరం కలిసి ఇక్కడి సూపరింటెండెంట్‌గారి దగ్గరికి వెళ్లాం. ఆయన తొందర మనిషి, కాగితాల్లోంచి తల ఎత్తలేదు. "చూద్దాంలేమ్మా" అన్నారు. చూడమనే చెప్పడానికి వచ్చామండీ, అక్కడికి వెళ్లి ఒక్కసారి కళ్లారా చూసి రండి అన్నాను. అప్పుడు తలెత్తారు. మేం కదల్లేదు. కాసేపు మమ్మల్నందరినీ చూసి, ఆ ఊళ్లో వచ్చేవారం తనకి మీటింగు ఉందనీ, అటునుంచి వెళ్లొస్తాననీ అన్నారు.

పెద్ద మేడమ్‌తో నువ్వు మాట్లాడు. ఆయన్ని తప్పకుండా ఆదివారమే రమ్మనాలి, టైలరమ్మ కొడుకు వచ్చే వేళకి. డ్రాయింగులు చూపించకు, నువ్వు మొదలుపెడితే ఆపవు. ఆ మూల ఒక కుర్చీ వేసి కూర్చోపెట్టు. మిగతాది ఆ పిల్లాడు చూసుకుంటాడు.

మీ అక్క